నర్సు అలసటకూ కులముంది

ప్రభుత్వాసుపత్రుల పనితీరుపై సమీక్ష జరిగిన ప్రతిసారీ ఒక మాట తప్పక వినబడుతుంది: నర్సుల పని సామర్థ్యం పెరగాలి. దాని వెంటే మందలింపు, శిక్షణా తరగతి, ముఖం చూపించే హాజరు యంత్రం, రోగులను చిరునవ్వుతో పలకరించాలన్న హితబోధ వస్తాయి. ఏటా మే 12న, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం నాడు, ఆ నర్సులనే ఫ్లారెన్స్ నైటింగేల్ పటం ముందు నిలబెట్టి కొవ్వొత్తులు వెలిగించి, తెల్లబట్టల దేవతలని పొగిడి శాలువా కప్పుతారు. మందలించినా, దేవతను చేసినా వెనకనున్న ఊహ ఒక్కటే. సామర్థ్యమనేది నర్సు ఒంట్లోనో మనసులోనో ఉండే గుణమనీ, ఆమె తలచుకుంటే పెరుగుతుందనీ, నిర్లక్ష్యం చేస్తే తగ్గుతుందనీ.

ఈ ఊహతోనే అసలు చిక్కు. ఒక మనిషి ఎంత పని చేయగలదన్నది ఆమె చేతికింద ఎంతమంది రోగులున్నారు, ఎన్ని గంటలు నిలబడింది, ఎక్కడ నిద్రపోయింది, నెల తిరిగేసరికి జీతం అందిందా, వార్డులో ఆమె మాటకు విలువుందా అన్నవాటి మీద ఆధారపడుతుంది. మన సమాజంలో వీటిలో ఏదీ కులాన్ని తప్పించుకుని నడవదు. అందుచేత నర్సుల పని సామర్థ్యాన్ని వైద్యశాఖ పాలనా సమస్యగా మాత్రమే చూస్తే సగం కారణాలు కంటికి ఆనవు. మిగిలిన సగం తెలియాలంటే డోన్ వంటి ఊరి నుంచి చూడాలి.

మంచం మీదా, మంచం పక్కనా

ఒకప్పుడు ద్రోణాచలమని పిలిచిన డోన్, కర్నూలు, గుంతకల్లు, నంద్యాల మార్గాలు కలిసే రైల్వే జంక్షన్. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఈ మీదుగానే పోతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ ప్రాంతం కర్నూలు నుంచి నంద్యాల జిల్లాకు మారింది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. అయినా ప్రాణం మీదికి వస్తే ఇక్కడి జనం చూపు ఇప్పటికీ యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న కర్నూలు పెద్దాసుపత్రి వైపే మళ్లుతుంది.

చుట్టూ వాన మీద ఆధారపడిన మెట్ట పొలాలు. బేతంచెర్ల వైపు నాపరాయి గనులు, బండలు నునుపు చేసే ఫ్యాక్టరీలు. ఇలాంటి ఊరి ఆసుపత్రికి ఎవరు వస్తారో ఊహించడం కష్టం కాదు. రాతి దుమ్ము పీల్చి దగ్గుతున్న గని కూలీ, రహదారి ప్రమాదంలో కాలు విరిగిన లారీ క్లీనరు, చేనిలో పాము కరిచిన రైతు, నెత్తురు చాలని నిండు గర్భిణి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఈ రోగులలో అత్యధికులు మాదిగ, మాల, బోయ, కురువ, దూదేకుల, సుగాలి కుటుంబాల వారు. కాస్త చేతిలో డబ్బున్నవారు కర్నూలులోనో, హైదరాబాద్‌లోనో కార్పొరేట్ ఆసుపత్రికి పోతారు. ప్రభుత్వాసుపత్రి మంచం మీద మిగిలేది శ్రామిక కులాలే.

మంచం పక్కన నిలబడే మనిషి ఎవరన్నది రెండో ప్రశ్న. రాయలసీమలో ఆమె కూడా ఎక్కువగా ఆ వాడల నుంచే, ఆ తండాల నుంచే, లేదా వాటికి ఒక మెట్టు పైనున్న కులాల నుంచే వస్తుంది. పైన చెప్పిన సర్వే లెక్కలో రక్తం చాలని స్త్రీలలో ఆమె కూడా ఒకతె కావచ్చు. కాబట్టి నర్సు అలసట ఉద్యోగుల సొంత గోడు మాత్రమే కాదు. ఆ అలసట పడేది ఆమె వంటి మరో స్త్రీ ప్రాణం మీద.

మైల పని నుంచి వృత్తిగా

ఈ వృత్తిలోకి దళిత స్త్రీలు ఎక్కువగా ఎందుకు వచ్చారన్నదానికి చరిత్ర ఉంది. నెత్తురు, చీము, మలమూత్రాలు, పురుటి మైల, శవం: వీటిని తాకే పనులన్నింటినీ కుల సమాజం కొన్ని కులాలకే వదిలిపెట్టింది. తెలుగు పల్లెల్లో మంత్రసాని పని మంగలి, చాకలి, మాల, మాదిగ స్త్రీలదే. బిడ్డను భూమ్మీదికి తెచ్చిన ఆ చేతుల మీద నమ్మకం ఉండేది. పురుడు ముగిశాక ఆ చేతులు నడిమింట్లోకి రాకూడదు. ఈ రెండింటి మధ్య ఆ సమాజానికి ఏ వైరుధ్యమూ కనిపించలేదు.

పంతొమ్మిదో శతాబ్దపు చివర క్రైస్తవ మిషన్లు ఆసుపత్రులు తెరిచినప్పుడు, శిక్షణకు అగ్రకుల స్త్రీలు ముందుకు రాలేదు. పరపురుషుణ్ణి తాకాలి, రాత్రిళ్లు ఇల్లు విడవాలి, మైల ఎత్తాలి. గుంటూరులో 1883లో పని మొదలుపెట్టి 1898లో ఆసుపత్రి నెలకొల్పిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కూగ్లర్ గురించి కోస్తాలో అందరికీ తెలుసు. సీమలో లండన్ మిషనరీ సొసైటీ కడప జిల్లా మాలల మధ్య పనిచేసింది. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి దాని ఫలం. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతాలలో ఆంగ్లికన్ మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పాఠశాలలు పెట్టారు. ఆ హాస్టళ్లలో అక్షరాలు నేర్చిన దళిత బాలికలకు టీచరమ్మ, నర్సమ్మ అనే రెండు దారులు మాత్రమే తెరుచుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి దేశంలోని నర్సులలో దాదాపు 90 శాతం క్రైస్తవులేనని నర్సింగ్ చరిత్రకారులు రాశారు.

ఇది విముక్తి కూడా. చెప్పులు చేతబట్టుకుని ఊరి వీధి దాటిన తల్లికి పుట్టిన కూతురు, తెల్ల యూనిఫాం వేసుకుని ఊరి పెద్ద నాడి పట్టి చూసింది. ఈ దృశ్యం విలువను ఎవరూ తగ్గించలేరు. కానీ వృత్తి మారినా పనికున్న మైల పోలేదు. దేశానికి స్వాతంత్ర్యం రాబోతున్న వేళ, 1946లో భోర్ కమిటీ 43,000 మంది జనాభాకు ఒక్క నర్సే ఉందని లెక్క చెప్పింది. ఆ కొరతకు నిధుల లేమి, స్త్రీవిద్య లేమి కారణాలే. వాటితో పాటు, సమాజంలో చదువు, వనరులు ఉన్న వర్గాలు తమ కూతుళ్లను ఈ పనికి పంపడం అవమానంగా భావించడమూ కారణమే. జనాభాలో అట్టడుగు భాగం మీదే ఒక వృత్తి భారమంతా మోపి, వారు చాలడం లేదని వాపోయిన దేశం మనది.

‘సిస్టర్’ అనే పిలుపులోనూ ఈ చరిత్ర ఉంది. రాయలసీమ పల్లెల్లో అక్కా, అత్తా, పెద్దమ్మా అనే వరసలు కులాలను కొంతవరకు దాటుతాయి. వాడ అంచున మాత్రం ఆగిపోతాయి. వయసులో పెద్దదైన మాదిగ స్త్రీని కూడా పై కులం కుర్రవాడు ‘ఏమే’ అన్న రోజులు మరీ దూరాన లేవు. ఆసుపత్రిలో అతనే ‘సిస్టర్’ అంటాడు. ఆ ఇంగ్లీషు మాట ఆమెకు గౌరవం ఇస్తుంది. అదే సమయంలో ‘అక్కా’ అని పిలిచే అవసరాన్ని అతనికి తప్పిస్తుంది.

పది మంది లెక్క

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. 2012 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి పది మంది స్టాఫ్ నర్సులుండాలి. పది అనగానే చాలినంత మంది ఉన్నట్లు తోస్తుంది. కానీ ఆసుపత్రి ఏడాదిలో 365 రోజులూ, రోజుకు మూడు షిఫ్టులూ నడవాలి. వారాంతపు సెలవులు, పండుగ సెలవులు, సాధారణ సెలవులు, ఆర్జిత సెలవులు పోగా ఒక్కో నర్సు ఏడాదికి దాదాపు 250 రోజులు డ్యూటీకి వస్తుందనుకుందాం. పది మందికి 2,500 డ్యూటీలు. 365తో భాగిస్తే రోజుకు ఏడుకు కొంచెం తక్కువ. మూడు షిఫ్టులకు పంచితే షిఫ్టుకు ఇద్దరు. ఒకరు ప్రసూతి సెలవులో ఉండి, మరొకరిని ఇంకో చోటికి డిప్యుటేషన్ మీద పంపితే మిగిలిన ఎనిమిది మందితో షిఫ్టుకు ఇద్దరు కూడా రారు. పగటి షిఫ్టులు నింపేసరికి రాత్రికి ఒక్కరే మిగులుతారు.

ఆ ఒక్కరూ కాన్పు గదిలో ఉంటే వార్డు ఖాళీ. వార్డులో ఉంటే, రహదారి ప్రమాదం నుంచి 108 తెచ్చిన మనిషి వరండాలో స్ట్రెచర్ మీద. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన సాధారణ ఆసుపత్రులలో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రులలో ముగ్గురికి ఒకరు, ఆపై సెలవుల కోసం 30 శాతం అదనపు సిబ్బంది ఉండాలంటోంది. 30 పడకలూ నిండిన రాత్రి ఒకే నర్సు ఉందంటే ఆమె ఆరుగురు చేయవలసిన పని చేస్తున్నట్లు. అంటే పోస్టులన్నీ కాగితం మీద నిండి ఉన్నా ఈ పరిస్థితి వస్తుంది. ఖాళీలుంటే సంగతి చెప్పనక్కరలేదు.

దీని ఫలితం ఏమిటో ప్రపంచానికి ఇరవై ఏళ్లకు పైగా తెలుసు. లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో నర్సు చేతికింద ఒక్క రోగి అదనంగా చేరిన కొద్దీ, శస్త్రచికిత్స జరిగిన రోగి 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుందని తేలింది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాలలో చేసిన అధ్యయనం కూడా దాదాపు ఆ అంకె దగ్గరికే వచ్చింది. అక్కడ చర్చ ఒక రోగి, ఇద్దరు రోగుల తేడా గురించి. మన దగ్గర తేడా పదుల్లో ఉంటుంది.

పనిగంటల సంగతి మరొకటి. చాలా ఆసుపత్రులలో ఉదయం 8 నుంచి 2 వరకు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 వరకు, రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు డ్యూటీలు. రాత్రి డ్యూటీ ఏకధాటిగా పన్నెండు గంటలు. వైస్రాయి కౌన్సిల్‌లో అంబేడ్కర్ కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో మొదలైన కృషి ఫలితంగా 1946లో ఫ్యాక్టరీ చట్టాన్ని సవరించి వారానికి 48 పనిగంటలు చేశారు. యంత్రం ముందు నిలబడిన మనిషికి అలసట ఉంటుందని చట్టం ఒప్పుకున్న సందర్భం అది. రోగి ముందు నిలబడిన మనిషి విషయంలో ఆ ఒప్పుకోలు ఇంకా రాలేదు. పనివేళలు, వారాంతపు విశ్రాంతి, రాత్రి పని విషయాలలో నర్సులకు ఇతర కార్మికులతో సమానమైన పరిస్థితులు ఉండాలని 1977లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 149వ ఒడంబడికను భారతదేశం ఆమోదించలేదు.

ఉన్న గంటలలోనూ నర్సింగ్‌కు దక్కేది కొంతే. మందుల నిల్వ లెక్క, దుప్పట్ల లెక్క, ఆరోగ్య బీమా కాగితాలు, ఆన్‌లైన్ నమోదులు, నెలవారీ నివేదికలు, ఇన్ని రిజిస్టర్లు నర్సు బల్ల మీదే ఉంటాయి. రోగి చేయి పట్టుకోవలసిన చేయి కలం పట్టుకుంటుంది. విశ్రాంతి గది, శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచోట వేసవిలో నీళ్లు తాగడం తగ్గించుకుని డ్యూటీ చేసే స్త్రీలు అన్ని రంగాల్లోనూ ఉన్నారు. నర్సులూ అందుకు మినహాయింపు కాదు. నలభై డిగ్రీలు దాటే సీమ ఎండలో ఇది ఒంటిని ఏం చేస్తుందో రోగులకు చెప్పేది కూడా వాళ్లే.

అద్దె ఇల్లు

సామర్థ్యం ఆసుపత్రి గేటు దగ్గర మొదలు కాదు. రాత్రంతా మెలకువగా ఉన్న మనిషి పగలు ఎక్కడ నిద్రపోతుందన్నది వైద్య ప్రశ్నే. క్వార్టర్లు లేని చిన్న పట్టణంలో నర్సు అద్దె ఇంటి కోసం తిరిగితే మొదటి ప్రశ్న అద్దె గురించి ఉండదు. “మీరేమోళ్లమ్మా?” అన్నది మొదటి ప్రశ్న. చెబితే “మా తమ్ముడు వస్తానంటున్నాడు, ఇల్లు ఖాళీ లేదు” అన్నది జవాబు. చెప్పకపోతే ఇంటిపేరు అడుగుతారు, ఊరడుగుతారు, ఊళ్లో ఏ వీధి అని అడుగుతారు, ఆదివారం ఎక్కడికి పోతారని అడుగుతారు. కులం దాటినా ఇంకో గడప ఉంది. రాత్రి ఎనిమిదికి బయలుదేరి పొద్దున వచ్చే ఆడమనిషి మీద వీధి కన్ను. మాంసం వండకూడదన్న షరతు. అలా ఇల్లు దొరకని నర్సు తన వాళ్లుండే కాలనీలో, ఆసుపత్రికి దూరంగా ఉండాలి. లేదా కర్నూలు నుంచో, గుంతకల్లు నుంచో రోజూ రైలు, బస్సు పట్టుకుని రావాలి.

పన్నెండు గంటల డ్యూటీకి ప్రయాణం, బస్టాండులో నిరీక్షణ, ఇంటికి వెళ్లాక వంట, పిల్లల బడి కలిపితే ఆమె నిద్ర మూడు నాలుగు గంటలకు కుదించుకుపోతుంది. మరుసటి సాయంత్రం ఆమె ఇంజెక్షన్ మోతాదు లెక్క తప్పితే విచారణాధికారి ఆమె హాజరు పట్టీ చూస్తాడు, రిజిస్టరు చూస్తాడు. ఇల్లివ్వని యజమాని ఆ ఫైలులో ఎక్కడా కనిపించడు. ఆ తప్పులో అతనికీ భాగముంది.

వార్డులో నిచ్చెన

ఆసుపత్రి లోపల కులం కనిపించదని చాలామంది నమ్ముతారు. నియామక ప్రకటనలు తిరగేస్తే ఆ నమ్మకం నిలవదు. ఆంధ్రప్రదేశ్ వైద్యశాఖ చివరి శ్రేణి ఉద్యోగాలకు ఇచ్చే ప్రకటనలలో తోటీ, ధోబీ, బార్బర్ అనే పేర్లతోనే పోస్టులు కనిపిస్తూ వచ్చాయి. కుల వృత్తుల పేర్లను రాజ్యాంగబద్ధ ప్రభుత్వం తన జీతాల పట్టీలో ఉద్యోగ హోదాలుగా రాసుకుంది. ఏ పని ఎవరిదో ఆసుపత్రి గోడకు ముందే తెలుసన్నమాట.

డాక్టరు, నర్సు, ఎఫ్.ఎన్.ఓ., ఎం.ఎన్.ఓ., తోటీ, స్వీపరు. ఈ నిచ్చెనలో పైకి పోయిన కొద్దీ శరీరాన్ని తాకడం తగ్గి, కాగితాన్ని తాకడం పెరుగుతుంది. కిందికి దిగిన కొద్దీ మైల పెరిగి జీతం తగ్గుతుంది. అట్టడుగు మెట్టునున్న పారిశుద్ధ్య పని దాదాపు అంతా ఇప్పుడు ఏజెన్సీల చేతిలో ఉంది. ఆ మెట్టు మీద మనుషులు చాలకపోతే బరువు పై మెట్టు మీద పడుతుంది. ఆయా లేని రాత్రి బెడ్‌పాన్ నర్సే తీయాలి. తీస్తుంది కూడా. డాక్టరు మాత్రం తీయడు. ఆ పని తన చదువుకు తగదనుకుంటాడు. మన దేశంలో చదువు అనే మాట వెనక కులం ఎంత సులభంగా దాక్కోగలదో ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా ఒప్పుకోవాలి. కుల వివక్షకు గురైన నర్సు మరొకరి పట్ల అదే వివక్ష చూపదని హామీ ఏమీ లేదు. కాన్పు గదిలో నొప్పులతో అరిచే సుగాలి స్త్రీని కసురుకునే గొంతు, మాసిన చీరతో వచ్చిన మాదిగ కూలీని ముట్టుకోకుండా ఆయాకు అప్పగించే చేయి, స్వీపరు గ్లాసును వేరుగా ఉంచే అలవాటు మన ఆసుపత్రులలో లేవని ఎవరూ అనలేరు. కోల్‌కతా ఆసుపత్రుల మీద పంచాలీ రాయ్ చేసిన పరిశోధన, 2019లో పుస్తకంగా వచ్చింది. తమ వృత్తికి అంటిన మైల ముద్రను వదిలించుకోవడానికి శిక్షణ పొందిన నర్సులు ఆయాల నుంచి తమను ఎలా వేరు చేసుకుంటారో అందులో ఆమె చూపింది. కులం ప్రతి మెట్టు మీదా ఉన్నవారికి కింద మరొకరిని చూపించి తృప్తి పరుస్తుందని అంబేడ్కర్ చెప్పిన విషయం వార్డులోకి నడిచి వచ్చింది. అలసిన నర్సులో సహనం మొదట చచ్చేది తనకంటే బలహీనురాలైన రోగి దగ్గరే. పెద్ద కులపు రోగి బంధువు గట్టిగా మాట్లాడితే ఆమె ఓర్చుకుంటుంది. ఓర్చుకోక తప్పదు. ఆ ఓర్పు ఖరీదు తండా నుంచి వచ్చిన గర్భిణి చెల్లిస్తుంది.

అందుకే నర్సుల పక్షాన మాట్లాడటమంటే వారిని దేవతలు చేయడం కాదు. పని పరిస్థితులు మనిషిని క్రూరం చేయగలవని ఒప్పుకుని, ఆ పరిస్థితులను మార్చమని అడగడం.

చట్టానికి కనబడని కులం

మిషన్ల చరిత్ర మిగిల్చిన ఒక చిక్కుముడి ఈనాటి నర్సు మెడకు చుట్టుకుని ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 సవరణ తర్వాత సిక్కులు, 1990 సవరణ తర్వాత బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల వారు. క్రైస్తవం స్వీకరించిన దళితులను మన రాష్ట్రంలో బీసీ-సి వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దీనితో ఒక ఇంట్లోనే ఇద్దరు అక్కాచెల్లెళ్లకు రెండు రకాల ధ్రువపత్రాలు. ఎవరు ఏ పేరుతో బడిలో చేరారన్నదాన్ని బట్టి ఉద్యోగం, దాన్ని బట్టి జీవితం. ఏనాడో తాత తీసుకున్న బాప్తిస్మం మనవరాలి నర్సింగ్ సీటులో తేలుతుంది.

క్రైస్తవ మతాన్ని ఆచరిస్తున్న వ్యక్తికి ఎస్సీ హోదా ఉండదనీ, కనుక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరజాలరనీ 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది. తీర్పులోని న్యాయ తర్కాన్ని పక్కనపెట్టి వార్డులో దాని అర్థమేమిటో చూడాలి. రోగి బంధువు ఒక నర్సును కులం పేరుతో తిడతాడు. తిట్టేటప్పుడు ఆమె ఆదివారం ఎక్కడికి వెళుతుందని అతను అడగడు. ఆమె ఫిర్యాదు చేయబోతే మాత్రం చట్టం ఆ ప్రశ్న అడుగుతుంది. తిట్టు తగలడానికి ఉన్న కులం, రక్షణ పొందడానికి లేకుండా పోతుంది. మతం మారిన దళితుల హోదాను పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఆసుపత్రి కారిడార్లలో ఆ కమిషన్ వినవలసిన సాక్ష్యం చాలా ఉంది.

తలెత్తి మాట్లాడితే ఏమవుతుందోనన్న భయం కూడా పని సామర్థ్యాన్ని తినేసేదే. డాక్టరు రాసిన మోతాదు తప్పని అనుమానం వచ్చినప్పుడు నర్సు ఆగి అడగగలగాలి. అడగగలిగిన చోట రోగి బతుకుతాడు. వార్డులో ఆమె గొంతుకు విలువ లేనిచోట, అడిగితే ‘నీ స్థానం తెలుసుకో’ అన్న జవాబు వచ్చే చోట, ఆమె చెప్పింది చేసి ఊరుకుంటుంది. ‘స్థానం’ అన్న మాటకు మన దేశంలో ఉన్న అర్థం ఆమెకు తెలుసు.

జీతం చెప్పే సంగతి

ప్రభుత్వంలో శాశ్వత ఉద్యోగి, కాంట్రాక్టు ఉద్యోగి, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఒకే వార్డులో ఒకే సిరంజి పట్టుకుంటారు. జీతాలు మాత్రం వేరు. 2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో కోవిడ్ కేసులు అత్యధికంగా ఉన్న జిల్లా కర్నూలు. ఆ మహమ్మారి కాలంలో తెలుగు రాష్ట్రాల్లో నర్సులను తాత్కాలికంగా తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు, ఉద్ధృతి తగ్గాక చాలామందిని ఇంటికి పంపారు.

ప్రైవేటు నర్సింగ్ హోముల పరిస్థితి ఇంకా దారుణం. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఏర్పడిన జగదీశ్ ప్రసాద్ కమిటీ, 200కు పైగా పడకలున్న ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల జీతం ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలనీ, 50 పడకలలోపు చిన్న ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనీ సిఫార్సు చేసింది. సీమ పట్టణాల చిన్న ఆసుపత్రుల్లో ఈ అంకె చెబితే నర్సులు నవ్వుతారు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ అండతో చదివి, పట్టా చేతికొచ్చాక ఆ అసలు పట్టానే యాజమాన్యానికి అప్పగించి పనిలో చేరే అమ్మాయిలున్నారు. మానేస్తానంటే పట్టా రాదు. అప్పు తీరేదాకా కదలకూడదన్న పాత జీతగాడి ఒప్పందానికీ దీనికీ ఉన్న దూరం ఎంత?

కేరళలో నర్సులు 2011 నుంచి వరుస సమ్మెలు చేసి 2018లో 20,000 రూపాయల కనీస వేతనం సాధించారు. సంఘటిత ఉద్యమ సంప్రదాయం అందుకు కారణమే. మరో కారణం కూడా ఉంది. అక్కడ ఈ వృత్తిలోకి సిరియన్ క్రైస్తవుల వంటి, సమాజంలో పలుకుబడి గల వర్గాల స్త్రీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. గల్ఫ్ డబ్బుతో వారి కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. సమ్మె చేసిన నెల ఇంట్లో పొయ్యి ఆరిపోని స్థితి ఆ పోరాటానికి బలమిచ్చింది. వాడ నుంచి వచ్చి, తన జీతం మీదే తమ్ముడి చదువు, తండ్రి మందులు నడిచే దళిత నర్సుకు ఆ వెసులుబాటు లేదు. ఆమె సమ్మె చేయకపోవడాన్ని చైతన్య లేమి అనడం అన్యాయం.

అడగవలసినవి

సామర్థ్యం నిజంగా పెరగాలనుకుంటే చేయవలసినవి అంత రహస్యమైనవేమీ కావు. నర్సింగ్ కౌన్సిల్ నిష్పత్తిని, 30 శాతం సెలవు నిల్వతో సహా, పోస్టుల మంజూరుకు తప్పనిసరి ప్రాతిపదిక చేయాలి. రాత్రి ఏ వార్డులోనూ నర్సు ఒంటరిగా ఉండకూడదు. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ పోవాలి. రిజిస్టర్ల పనికి గుమాస్తాలను వేయాలి. ప్రతి ఆసుపత్రి ఆవరణలో క్వార్టర్లు కట్టాలి. కులం అడగని ఇల్లు ప్రభుత్వం మాత్రమే ఇవ్వగలదు. పసిబిడ్డల తల్లులకు శిశు సంరక్షణ గది ఉండాలి. కాంట్రాక్టు నర్సులకు సమాన పనికి సమాన వేతనం ఇచ్చి, క్రమబద్ధీకరణకు గడువు ప్రకటించాలి. జగదీశ్ ప్రసాద్ కమిటీ వేతనాలను ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు షరతు చేయాలి. ధ్రువపత్రాలు బిగబట్టే యాజమాన్యాలపై కేసులు పెట్టాలి.

వీటితో పాటు ఇంకో మూడు పనులు కులానికి సూటిగా సంబంధించినవి. తోటీ, ధోబీ, బార్బర్ వంటి హోదాల పేర్లను ప్రభుత్వ రికార్డుల నుంచి తొలగించి, ఆ పనులకు శిక్షణ, రక్షణ పరికరాలు, గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలి. పేరు మార్చి ఏజెన్సీకి అప్పగిస్తే అది మార్పు కాదు. వైద్యశాఖలోని ప్రతి శ్రేణిలో ఏ కులాల వారు, ఏ తరహా నియామకంలో పనిచేస్తున్నారో లెక్క తీసి బయటపెట్టాలి. వైద్య, నర్సింగ్ విద్యార్థుల పాఠ్యాంశాలలో రోగి హక్కులతో పాటు కుల వివక్షను చేర్చి, ఆసుపత్రులలో దానిపై ఫిర్యాదులు వినే యంత్రాంగం పెట్టాలి. ఆ యంత్రాంగం ముందుకు నర్సూ రాగలగాలి, నర్సు మీద ఫిర్యాదున్న సుగాలి తల్లీ రాగలగాలి.

విద్యార్థి సంఘాలకు, దళిత బహుజన ఉద్యమాలకు కూడా ఒక విన్నపం. నర్సుల డిమాండ్లను మనం ఇంతకాలం ఉద్యోగ సంఘాల వ్యవహారంగా వదిలేశాం. వైద్య కళాశాల సీట్లలో రిజర్వేషన్ కోసం వీధికెక్కిన మనం, ఆ కళాశాల వార్డులో రాత్రి ఎంతమంది నర్సులున్నారని అడగలేదు. వైద్య సీటు ఒక ఇంటిని పైకి తెస్తుంది. వార్డులో నర్సుల సంఖ్య వాడలో ఎందరు తల్లులు కాన్పు నుంచి బతికి వస్తారో నిర్ణయిస్తుంది. రెండూ ఆత్మగౌరవ ప్రశ్నలే.

ఈ రాత్రి కూడా డోన్ జంక్షన్‌లో ఏదో రైలు ఆగుతుంది. సీమలోని ఏదో ఒక ఊరికి డ్యూటీకి పోతున్న నర్సు అందులో ఉంటుంది. సంచిలో టిఫిన్ డబ్బా, మడత పెట్టిన యూనిఫాం. ఆమె వెళ్లేసరికి వార్డులో ఎంతమంది రోగులుంటారో, వారిని చూడటానికి తనతో పాటు ఇంకెంతమంది నర్సులుంటారో ఆమెకు తెలియదు. తదుపరి సమీక్షా సమావేశంలో ఆమె సామర్థ్యం గురించి మాట్లాడబోయే అధికారులు ముందుగా ఆ రెండు అంకెలు చెప్పాలి. ఆ తర్వాత ఆమె పొద్దున ఎక్కడ నిద్రపోతుందో చెప్పాలి.